చైనా బాట – తెలుగు నేల

ఇరవయ్యో శతాబ్ది చరిత్రలో చైనా విప్లవానిది ప్రత్యేక స్థానం. 1921లో షాంఘైలో కొద్దిమందితో ఆరంభమైన చైనా కమ్యూనిస్టు పార్టీ 1949 అక్టోబరు 1న మావో నాయకత్వాన ప్రజా రిపబ్లిక్‌ను ప్రకటించింది. రష్యా విప్లవానికి పట్టణ కార్మికుడు ఆయువుపట్టు కాగా, చైనా విప్లవానికి పేదరైతు ప్రధానబలమైనాడు. అందుకే అది తెలుగు నేలను అంతగా ఆకర్షించింది.

నేటి బాపట్ల జిల్లాలోని మార్టూరు ఆనాడు గుంటూరు జిల్లాలో భాగం. పత్తి, మిరప పండే ఈ ప్రాంతంలో రైతుకైనా, కౌలుదారుకైనా, కూలీకైనా భూమే జీవనాధారం. కోస్తా జిల్లాల్లో రైతు, కూలీ సంఘాలను నిర్మించిన కమ్యూనిస్టులు చైనా అనుభవాన్ని శ్రద్ధగా పరిశీలించారు. మావో ఇంకా విజయం సాధించకముందే, 1948లో వారు ‘ఆంధ్ర థీసిస్’ అనే పత్రాన్ని రూపొందించారు. భారతదేశానికి చైనా మార్గమే అనుసరణీయమని దాని సారాంశం.

అప్పటికే తెలంగాణలో 1946 నుండి వెట్టికీ, భూస్వామ్యానికీ వ్యతిరేకంగా రైతాంగ పోరాటం సాగుతున్నది. సుమారు 3,000 గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంపిణీ అయినాయనీ, 4,000 మంది ప్రాణాలు కోల్పోయారనీ ఉద్యమ నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య పేర్కొన్నారు. 1951లో చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య మరో ఇద్దరు నాయకులతో కలిసి మాస్కోలో స్టాలిన్‌తో చర్చించారు. చైనా సైన్యానికి వెన్నుదన్నుగా సోవియట్ సరిహద్దు ఉన్నదనీ, భారతదేశంలో అట్టి అండ లేదనీ, ఇక్కడి విస్తారమైన రైలుమార్గాలు గెరిల్లా పోరుకు ప్రమాదకరమనీ స్టాలిన్ అభిప్రాయపడ్డారు. ఆ ఏడాది అక్టోబరులో పోరాట విరమణ జరిగింది.

ఇంతలో చైనా సమాజం పెనుమార్పులకు లోనైంది. 1950 నాటి భూసంస్కరణ చట్టం పేదలకు భూమి పంచింది. అదే ఏటి వివాహ చట్టం బలవంతపు పెళ్లిళ్లను, బాల్యవివాహాలను నిషేధించింది. అయితే భూపంపిణీ కాలంలో ఎందరో భూస్వాములు హతులయ్యారు. సామూహిక సేద్యంతో పంచిన భూమి రైతు చేయి జారింది, 1958లో కమ్యూన్లు ఏర్పడ్డాయి. తరువాతి కరవులో కోట్లాదిమంది మరణించారు. 1966–76 నడుమ సాంస్కృతిక విప్లవం పేరిట విద్యార్థులే గురువులను అవమానించారు. 1978లో షియావోగాంగ్ గ్రామ రైతులు రహస్యంగా పొలాలు పంచుకొని కుటుంబసేద్యం ఆరంభించారు. ఆ పద్ధతే తరువాత దేశమంతటా వ్యాపించింది.

చైనా ప్రభావం మన రాజకీయాలనూ వదలలేదు. 1964 జులైలో గుంటూరు జిల్లా తెనాలిలో జరిగిన సదస్సు కమ్యూనిస్టు పార్టీ చీలికకు దారితీసింది. చైనా పట్ల వైఖరి ఆ విభేదాల్లో ఒకటి.

దున్నేవానికి భూమి దక్కాలన్న ఆకాంక్ష న్యాయమైనది. దానికోసం తెలుగు రైతాంగం ప్రాణాలర్పించింది. కాని విత్తనం ఎంత మేలైనదైనా నేల గుణం తెలిసి చల్లాలి. పరాయి దేశపు మార్గాన్ని గౌరవించడం వేరు, పరిశీలించకుండా అనుసరించడం వేరు. ఆ రెంటి నడుమ తేడాకు వెల చెల్లించేది సామాన్య ప్రజలే.

ప్రశ్నలు

1. చైనా విప్లవం తెలుగువారిని ఆకర్షించడానికి గల కారణమేమి?
2. భారత, చైనా పరిస్థితుల మధ్య స్టాలిన్ చూపిన భేదాలను వివరించండి.
3. చైనా రైతు జీవితంలో 1950 నుండి 1978 వరకు వచ్చిన మార్పులను సమీక్షించండి.