ఊడిపోయిన వైరు ఎక్కడిది?



ఈ పాఠం బండి గురించి. "బండి సంగతి మగవాళ్లది, మనకెందుకులే" అని పుస్తకం మూసేయకండి. ఇప్పుడు చాలా ఊళ్లలో పొదుపు సంఘం ఆడవాళ్లే అప్పు తీసుకుని కూరగాయలు తోలే బండి కొంటున్నారు. నెలనెలా కిస్తీ కట్టేది మనం. బండి ఆగిపోతే సరుకు కుళ్లేది మనది. మరి బానెట్టు ఎత్తి లోపలికి తొంగి చూడటానికి సిగ్గెందుకు?

పికప్ బండి మీకు తెలుసు. ముందు క్యాబిన్, వెనక సామాను వేసే తొట్టి. బొలేరో పికప్ చూడని ఊరు ఉండదు. పాత బొలేరో పికప్పుల్లో 2523 సీసీ డీజిల్ ఇంజన్ ఉండేది. నాలుగు సిలిండర్లు. డీజిల్ పంపు ఇంజన్ తిప్పితే తిరిగేదే, కంప్యూటర్ చెబితే నడిచేది కాదు. అందుకే ఆ ఇంజన్ మీద వైర్లు తక్కువ. మనలాంటి వాళ్లు నేర్చుకోవడానికి అదే మంచిది.

అయినా కొన్ని వైర్లు ఉంటాయి. ఒక్కోసారి వాటిలో ఒకటి ఊడి, కిందికి వేలాడుతూ కనిపిస్తుంది. చివర చిన్న ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. మెకానిక్కులు దాన్ని కప్లర్ అంటారు. ఇది ఎక్కడిది? దేనికి తగిలించాలి? డ్రైవరుకూ తెలియదు. ఈ పాఠంలో దాని ఇల్లు వెతుకుదాం.

సెన్సార్ అంటే ఏమిటి?

ఇంజన్ లోపల ఏం జరుగుతోందో మన కంటికి కనపడదు. నీళ్లు ఎంత కాగాయి? ఇంజన్ ఆయిల్ అన్ని భాగాలకూ అందుతోందా? ఈ కబురు మోసుకొచ్చి డ్రైవరు ముందున్న మీటర్ బోర్డులో చూపించడానికి ఇంజన్‌కు చిన్న చిన్న బిళ్లలు బిగిస్తారు. అవే సెన్సార్లు. పాత డీజిల్ బండిలో ముఖ్యమైనవి రెండు.

మొదటిది ఆయిల్ ప్రెషర్ స్విచ్. సాధారణంగా ఇంజన్ పక్కన, ఆయిల్ ఫిల్టర్ దగ్గరలో ఉంటుంది. దీనికి ఒకటే వైరు. మీటర్ బోర్డులో నూనె చెంబులాంటి ఎర్ర బొమ్మ వెలిగించేది ఇదే.

రెండోది టెంపరేచర్ సెన్సార్. రేడియేటర్ నుంచి ఇంజన్ పైభాగానికి వచ్చే లావు రబ్బరు గొట్టం ఉంటుంది కదా, దాని దాపుల్లో ఉంటుంది. నీళ్లు వేడెక్కే కొద్దీ ఇది కరెంటుకు దారి ఎక్కువ ఇస్తుంది. దారి పెరిగే కొద్దీ మీటరులో ముల్లు పైకి లేస్తుంది.

ఇంకొన్ని వైర్లు కూడా ఉంటాయి. రివర్సు లైటు స్విచ్‌కి గేర్ బాక్సు మీదికి రెండు వైర్లు పోతాయి. ఆల్టర్నేటర్‌కి లావు వైరు పోతుంది. కొన్ని బండ్లలో డీజిల్ ఆపే సోలనాయిడ్‌కి పంపు మీదికి ఒక వైరు పోతుంది. అది ఊడితే ఇంజన్ స్టార్టే కాదు. కాబట్టి బండి నడుస్తూ ఉంటే ఊడిన వైరు అది కాదని తేలిపోయింది. చూశారా, వెతుకులాట అప్పుడే మొదలైంది!

దీపం వెలగకపోతే మంచిదేనా?

ఈ పాఠంలో నాకు ముఖ్యం అనిపించిన సంగతి ఇదే. నెమ్మదిగా చదవండి.

ఆయిల్ ప్రెషర్ లేనప్పుడు ఆ స్విచ్ మూసుకుంటుంది. కరెంటు ఇంజన్ ఇనుములోకి దిగుతుంది. ఎర్ర దీపం వెలుగుతుంది. ప్రెషర్ రాగానే స్విచ్ తెరుచుకుంటుంది. దీపం ఆరిపోతుంది. మరి వైరు ఊడిపోతే? కరెంటుకు దారే లేదు. దీపం ఎప్పటికీ వెలగదు. ఆయిల్ చుక్క లేకపోయినా వెలగదు! డ్రైవరు మాత్రం "ఎర్ర దీపం రావడం లేదు, ఇంజన్ బ్రహ్మాండం" అనుకుంటాడు.

టెంపరేచర్ వైరు ఊడినా అంతే. ముల్లు చల్లగా ఉన్నట్టు కిందనే పడి ఉంటుంది. నీళ్లు మరిగి పొగలు కక్కుతున్నా లేవదు.

ఇంట్లో ప్రెషర్ కుక్కరు సంగతి మీకు నేను చెప్పాలా! విజిల్‌లో మెతుకు ఇరుక్కుంటే కూత రాదు. కూత రాలేదని ఇంకా ఉడకలేదనుకుని మంట పెంచితే ఏమవుతుంది? ఊడిన వైరు కూడా ఆ మెతుకులాంటిదే.

ఆయిల్ ప్రెషర్ లేకుండా ఇంజన్ తిరిగితే లోపలి బేరింగులు నిమిషాల్లో అరిగి పట్టేస్తాయి. దీన్నే "ఇంజన్ సీజయింది" అంటారు. ఇంజన్ విప్పి మళ్లీ కట్టించాలంటే సంఘం ఏడాది పొదుపు కరిగిపోతుంది. ఒక్క వైరు కోసం.

ఎలా వెతకాలి?

ముందు జాగ్రత్త. ఇంజన్ ఆపి చల్లారనివ్వండి. చేతి గాజుల్లో లోహం గాజులుంటే తీసి పక్కన పెట్టండి. మెడలో గొలుసు, తాళి రవికె లోపలికి దోపుకోండి. పైట చెంగు నడుముకు చుట్టుకోండి, జడ ముడి వేసుకోండి. బండి బ్యాటరీ 12 వోల్టులే, ఇంటి కరెంటులాగా షాకు కొట్టదు. కానీ లోహం గాజు బ్యాటరీ ప్లస్సుకూ బండి ఇనుముకూ ఒకేసారి తగిలితే క్షణంలో ఎర్రగా కాలి చెయ్యి ఊడ్చుకుపోతుంది. ఫ్యాన్ బెల్టు సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇక వైరు చూడండి. కప్లర్‌లో వైర్లు ఎన్ని? ఒకటా, రెండా, మూడా? ఒకటే ఉంటే ఆయిల్ స్విచ్ గానీ టెంపరేచర్ గానీ కావచ్చు. రంగు చూసి "ఇది ఫలానాది" అని తేల్చకండి. పాత బండిని ఎందరో మెకానిక్కులు విప్పి ఉంటారు. చేతికి దొరికిన రంగు వైరు అతికి ఉంటారు.

కప్లర్ లోపల చూడండి. లోపలి రేకు తళతళా మెరుస్తుంటే ఈమధ్యే ఊడింది. లోపలంతా మట్టి, జిడ్డు గట్టిపడి ఉంటే చాలా కాలంగా ఊడి ఉంది, లేదా ఎప్పుడూ తగిలించలేదు. తగిలించకపోవడం ఏమిటి అంటారా? కంపెనీ వాళ్లు ఒకే వైరింగ్ కట్టను రకరకాల బండ్లకు వేస్తారు. ఏసీ లేని బండిలో ఏసీ కప్లర్ ఊరికే ఉండిపోతుంది. దాన్ని కట్టకు టేపు వేసి చుట్టి ఉంటే ముట్టుకోకండి.

తర్వాత వైరును మెల్లగా చాచండి. లాగకండి. ఎక్కడిదాకా అందుతుంది? ఏళ్ల తరబడి ఒకే చోట ఉన్న వైరు అటే వంగి ఉంటుంది, పశువు తన కొట్టం వైపు తిరిగినట్టు. అది అందే చుట్టుకొలతలో ఏమీ తగిలించని మొన ఏదైనా ఉందా? టార్చి వేసి, కింద నుంచి కూడా చూడండి.

మదనపల్లె బండి

మదనపల్లె టమాటా మార్కెట్టుకు సరుకు తోలే ఒక సంఘం బండిలో ఇలాగే వైరు వేలాడుతూ కనిపించింది. టౌనులో ఒక షాపులో చూపిస్తే "వైరింగ్ మొత్తం మార్చాలమ్మా, వారం పడుతుంది" అన్నారు. వారమంటే టమాటా కోత దాటిపోతుంది.

సంఘంలో పెద్దామె డ్రైవరును అడిగింది.

"తమ్ముడూ, తాళం తిప్పి స్టార్ట్ చేయకుండా పెట్టు. ఏయే దీపాలు వస్తాండాయి?"

"బ్యాటరీ దీపం వస్తాంది అక్కా."

"నూనె చెంబు?"

"అది ఎప్పుడూ రాదక్కా. ఇంజన్ బాగుంది కాబట్టి రాదు."

"స్టార్ట్ కాకముందు ఇంజన్‌లో ప్రెషర్ యాడుంటుంది నాయనా? అప్పుడు రావాల్సిందే గదా!"

ఎంత చక్కటి ప్రశ్న! వేడి ముల్లు మామూలుగానే లేస్తోంది. కాబట్టి టెంపరేచర్ వైరు కాదు. మిగిలింది ఆయిల్ వైరు, లేదా మాడిపోయిన బల్బు. ఆయిల్ ఫిల్టర్ పక్కన జిడ్డు తుడిచి చూస్తే, వైరు అందే చోటే ఒక స్విచ్ మొన బోసిగా కనపడింది.

అయినా వెంటనే తగిలించలేదు. పక్క ఊరి ట్రాక్టర్ మెకానిక్కును పిలిచి టెస్ట్ ల్యాంపుతో చూపించుకున్నారు. టెస్ట్ ల్యాంపు అంటే చిన్న బల్బు, దానికి ఒక మొన, ఒక వైరు. వైరు క్లిప్పును ఇంజన్ ఇనుముకు తగిలించి, తాళం తిప్పి, మొనను కప్లర్ రేకుకు ఆనించాలి. టెస్ట్ ల్యాంపు ధగధగా వెలిగితే అది నేరుగా బ్యాటరీ నుంచి వచ్చే వైరు. దాన్ని ఇనుముకు తాకిస్తే ఫ్యూజు పోతుంది, వైరు కాలుతుంది. అలా కాక టెస్ట్ ల్యాంపు మసకగా ఉండి, మీటర్ బోర్డులో నూనె చెంబు వెలిగితే అది ఆయిల్ వైరే. వేడి ముల్లు లేస్తే టెంపరేచర్ వైరు.

నూనె చెంబు వెలిగింది.

కప్లర్ తగిలించారు. తాళం తిప్పితే ఎర్ర దీపం వచ్చింది. స్టార్ట్ చేస్తే రెండు మూడు సెకన్లలో ఆరింది. అంతా సరే. కానీ రెండో రోజు టమాటా లోడుతో ఘాట్ రోడ్డు మలుపులో ఆ దీపం మిణుకు మిణుకుమంది. డ్రైవరు బండి పక్కకు తీసి ఇంజన్ ఆపేశాడు. కాసేపు ఆగి, ఆయిల్ కొలిచే కడ్డీ లాగి చూశారు. ఆయిల్ కింది గీతకు కూడా అందలేదు! మలుపులో ఆయిల్ ఒక పక్కకు జారి, పంపుకు అందలేదన్నమాట. అడుగున ఉన్న డ్రెయిన్ బోల్టు దగ్గర కారుతోంది. వైరు ఊడి ఉన్న రోజుల్లో ఎన్ని సార్లు ఇలా అయ్యిందో ఎవరికి తెలుసు? దీపానికి నోరు వచ్చాకే కబురు అందింది.

ఇప్పుడు ఆ సంఘం వాళ్లు బండికి ఒక నోటుబుక్కు పెట్టారు. వైరు రంగు, ఎక్కడ తగిలించారో, తారీఖు, ఆయిల్ ఎప్పుడు ఎంత పోశారో సొంత చేత్తో రాసుకుంటున్నారు. ఆయిల్ వైరుకు రేకు ముక్క కట్టి, దాని మీద మేకుతో "ఆ" అని గీశారు. టెంపరేచర్ వైరుకు "టె". కాగితం అయితే జిడ్డుకు చినిగిపోతుంది.

కొత్త బండి అయితే

దేశమంతటా బీఎస్-4 నిబంధన 2017 ఏప్రిల్ నుంచి, బీఎస్-6 నిబంధన 2020 ఏప్రిల్ నుంచి వచ్చాయి. ఈ బండ్లలో సెన్సార్లు చాలా ఎక్కువ. అవి ఇంజన్ కంప్యూటర్‌కు కబురు చెబుతాయి. ఆ వైర్లలో టెస్ట్ ల్యాంపు మొన పెట్టకూడదు, కంప్యూటర్ పాడవుతుంది. అక్కడ స్కానర్ ఉన్న షాపుకే పోవాలి. అయితే తాళం తిప్పగానే ఏ దీపాలు వచ్చాయి, ఏవి ఆరాయి అన్నది మాత్రం ఆ బండిలోనూ మనం చూడొచ్చు.

కొత్త మాటలు: కప్లర్, సెన్సార్, స్విచ్, టెస్ట్ ల్యాంపు, మీటర్ బోర్డు, ప్రెషర్.

చెప్పండి

ఇంజన్ స్టార్ట్ కాకముందు ఎర్ర నూనె దీపం ఎందుకు వెలగాలి?

బండి నడుస్తూ ఉండగా ఆ దీపం వెలిగితే డ్రైవరుకు ముందు ఏం చెబుతారు?

రాయండి

ఈసారి ఆటోలో గానీ పికప్‌లో గానీ సంతకు పోయేటప్పుడు డ్రైవరు పక్కన కూర్చోండి. తాళం తిప్పగానే వచ్చిన బొమ్మలను మీ నోటుబుక్కులో గీయండి. ఏది ఆరింది, ఏది ఆరలేదో పక్కన రాయండి. రేపు సెంటర్‌కు తెచ్చి అందరికీ చూపించండి.