కాలువగట్టు చిరుకప్పలు: పంచాయతీ సభ్యులకొక పాఠము

తెనాలి సమీపమునగల కొలకలూరు కృష్ణా పశ్చిమ డెల్టాలోని గ్రామము. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజి నుండి వచ్చు కృష్ణ నీరు కాలువలలోను పంటబోదెలలోను ప్రవహించి ఈ ప్రాంతపు వరిమళ్ళను తడుపుచున్నది. ఆ నీటితోపాటు కప్పల అరుపులును వినవచ్చును. లోకజ్ఞానము లేనివానిని నూతిలో కప్ప యని ఎగతాళి చేయుదుము గాని, మన కాలువలోని కప్ప మనకు చెప్పగల సంగతులు చిన్నవి కావు.

కప్పనే ఏల చూడవలెను?

కప్ప ఊపిరితిత్తులతోనే గాక చర్మముతో కూడ గాలి పీల్చును. నీటిని చర్మము ద్వారానే గ్రహించును. దాని గ్రుడ్లకు పెంకు లేదు. కావున నీటిలో కలిసిన పురుగుమందు దాని శరీరములోనికి సులభముగా చేరును. తోకకప్ప నీటిలోని నాచును తినును. ఎదిగిన కప్ప పైరును తిను పురుగులను, దోమలను కూడ తినును.

పూర్వము కాళ్ళ ఎగుమతి కొరకు పెద్ద బోదురుకప్పలను మన దేశమున విస్తారముగా పట్టెడివారు. 1987లో ప్రభుత్వము ఆ ఎగుమతిని నిషేధించినది. బుట్టలకెత్తిన కప్పలు ఎల్లరికిని కనబడును. నీరు చెడి నశించు చిరుకప్పలు ఎవరికిని కనబడవు. ఏటేట లెక్క వ్రాసికొన్ననే ఆ నష్టము తెలియును. ప్రపంచమందలి ఉభయచర జాతులలో ప్రతి ఐదింట రెండు అంతరించు ప్రమాదములో నున్నవని 2023లో వెలువడిన పరిశీలన తెలిపినది.

గుర్తించు విధము

నీటిపై తేలుచు కన్నులు మాత్రమే పైకి పెట్టి, అలికిడి కాగానే నీటి మీదనే గంతులు వేయుచు పారిపోవునది నీటికప్ప. దాని కాలివ్రేళ్ళ నడుమ పూర్తిగా పొర ఉండును. గట్టుమీది గడ్డిలో నుండు గోధుమ వన్నె చిన్నకప్ప రెండవది. కొన్నింటి వీపుపై నిలువున లేత గీత కనబడును. మూడవది అంగుళము మాత్రమే పొడవుండు కురుచమూతి కప్ప. వీపుపై ముదురు రంగు చిత్తరువు ఉండును. దేహము చిన్నదైనను గొంతు పెద్దది.

నీటికప్ప కొంత మురికినీటిని కూడ ఓర్చుకొనును. నీరు నిండుగా నున్నను అట్టి కప్ప సైతము కానరాకున్నచో, ఆ నీటిని పరీక్ష చేయించుట మంచిది.

పరిశీలించు విధము

1. తొలకరి మొదలు కాలువలు కట్టువరకు, పక్షమునకొకసారి, ప్రొద్దు గ్రుంకిన పిదప ఒకే చోటికి పోవలెను.

2. ఐదు నిమిషములు కదలక నిలిచి, ఎన్ని విధముల అరుపులు వినబడినవో గమనింపవలెను. అరచునవి సామాన్యముగా మగ కప్పలే.

3. పిదప గట్టు వెంట నూరడుగులు నడచి, టార్చిలైటు వెలుగున కనబడినవానిని లెక్కింపవలెను.

4. తేది, వేళ, వాన, నీటిమట్టము, గ్రుడ్లు, తోకకప్పలు, సమీప చేలలో మందు చల్లిన రోజు వ్రాసికొనవలెను.

5. కప్పలను పట్టరాదు. కప్పలున్న చోటికి పాములు వచ్చును గనుక బూట్లు తొడిగి ఇద్దరుగా పోవలెను. పిల్లలను లోతుకాలువ దరికి రానీయరాదు.

ఒక రాత్రి లెక్క తగ్గినంత మాత్రమున ఆందోళన వలదు. వాన లేకున్న అరుపులు తగ్గును. రెండు మూడేండ్ల లెక్కలను పోల్చిననే నిజము తేలును.

పంచాయతీ చేయదగినది

2002 నాటి జీవవైవిధ్య చట్టము ననుసరించి స్థానిక సంస్థలలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు ఏర్పడినవి. ఆ రిజిస్టరులో వృక్షములకు, పశువులకు ఇచ్చు చోటు కప్పకును ఈయవలెనని మేము కోరుచున్నాము. పూడిక తీయునపుడు రెండు గట్ల గడ్డిని ఒక్కసారిగా చెక్కివేయక, ఒక గట్టున ఉంచవలెను. మందు చల్లు పంపులను కాలువలో కడుగుట, ఖాళీ డబ్బాలను నీటిలో పారవేయుట మాన్పింపవలెను. ఇందుకు సొమ్ముతో పనిలేదు; సభలో ఒక తీర్మానము, గట్టున కొంత కాపలా చాలును.

ఆ నీటినే మన పశువులు త్రాగుచున్నవి, ఆ నీటిలోనే మన కూలీలు మోకాటిలోతున నిలిచి నాట్లు వేయుచున్నారు. కప్పకు సరిపడని నీరు వారికి మాత్రము మేలు చేయునా యని ప్రతి సభ్యుడును ఆలోచించుగాక.