ఇస్రోకి ఏరోస్పేసే చదవాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరం. ఇస్రోలో శాస్త్రవేత్త కావాలన్నది వాడి పట్టుదల. ఏరోస్పేస్ ఇంజినీరింగ్‌లోనే చేర్పించాలా?
- ఒక తండ్రి, నెల్లూరు

జవాబు: అక్కర్లేదండీ. ఇస్రో సైంటిస్ట్/ఇంజినీర్ ఉద్యోగాలకు ఎక్కువగా మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్ వాళ్లనే తీసుకుంటుంది. కారణం రాకెట్‌లోనే ఉంది. క్రయోజెనిక్ ఇంజిన్‌కి వచ్చే ద్రవ హైడ్రోజన్ మైనస్ 253 డిగ్రీల దగ్గర ఉంటుంది. అదే ఇంజిన్ దహన గదిలో మంట వేడి 3,000 డిగ్రీల దరిదాపుల్లో! ఆ రెంటి మధ్యా లోహం పగలకుండా, కరగకుండా నిలబెట్టడం చాలావరకు మెకానికల్, మెటలర్జీ వాళ్ల పని.

నేరుగా వెళ్లే దారి తిరువనంతపురంలోని ఐఐఎస్‌టీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పేస్ సైన్స్ అండ్ టెక్నాలజీ). 2007లో అంతరిక్ష శాఖ ప్రారంభించింది. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకుతో సీటు రాదు, జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయాల్సిందే. అక్కడ చదివి నిర్ణీత మార్కులు తెచ్చుకున్నవారిని ఖాళీలను బట్టి ఇస్రో తీసుకుంటుంది. ఐఐటీ మద్రాస్, బొంబాయి, కాన్పూర్, ఖరగ్‌పూర్‌లలో ఏరోస్పేస్ బీటెక్ చాలా బాగుంటుంది.

వీటిలో సీటు రాకపోతే, విండ్ టనెల్ (గాలి ప్రవాహాన్ని పరీక్షించే సొరంగం) కూడా లేని కాలేజీలో ఏరోస్పేస్ కన్నా మంచి కాలేజీలో మెకానికలే మేలని గట్టిగా చెబుతాను. ఎంటెక్‌లో ఏరోస్పేస్‌కి మారొచ్చు. ఇప్పుడు ఇస్రో ఒక్కటే గమ్యం కూడా కాదు: 2022 నవంబరులో విక్రమ్-ఎస్ రాకెట్‌ని ఎగరేసిన స్కైరూట్ హైదరాబాద్ సంస్థే.

ఈ రెండేళ్లూ లెక్కలు, ఫిజిక్స్ బట్టీ పట్టనివ్వకండి. శ్రీహరికోట మీకు దగ్గరే కదా, ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుని ఒక ప్రయోగం చూపించండి.