గామా కిరణ విస్ఫోటనాలు – శ్రీహరికోట నుండి సాగిన వేట



ఆకాశంలో ఏదో ఒక మూల దాదాపు రోజుకొకసారి ఒక పెద్ద వెలుగు భగ్గుమని లేచి ఆరిపోతుంది. మన సూర్యుడు తన జీవితకాలమంతా ఇచ్చే శక్తికి సమానమైన శక్తి కొన్ని సెకండ్లలో వెలువడుతుంది. అది గామా కిరణాల రూపంలో ఉంటుంది కాబట్టి మన కంటికి కనబడదు. దీనినే గామా కిరణ విస్ఫోటనం అంటారు.

ఎలా బయటపడింది?

1963 ఒప్పందాన్ని మీరి ఎవరైనా రహస్యంగా అణుపరీక్షలు చేస్తున్నారేమో కనిపెట్టడానికి అమెరికా వేలా ఉపగ్రహాలను పంపింది. 1967 జూలై 2న అవి ఒక వింత గామా మెరుపును నమోదు చేశాయి. తరువాత అలాంటివి మరికొన్ని దొరికాయి. ఉరుము జగన్నాథపురం వారికి ముందు, సర్పవరం వారికి కాసేపటికి వినబడితే పిడుగు ఏ వైపు పడిందో చెప్పగలం కదా! అలాగే ఒక్కో ఉపగ్రహానికి మెరుపు అందిన సమయాలను పోల్చి, ఇవి భూమి నుండీ సూర్యుడి నుండీ వచ్చినవి కావని తేల్చారు. 1973లో ఈ విషయాన్ని లోకానికి ప్రకటించారు.

రెండు రకాలు

1. దీర్ఘ విస్ఫోటనాలు: 2 సెకండ్లకు మించి ఉంటాయి. ఎక్కువగా చాలా బరువైన నక్షత్రం కుప్పకూలినప్పుడు పుడతాయి.
2. హ్రస్వ విస్ఫోటనాలు: 2 సెకండ్ల లోపే ముగుస్తాయి. ఎక్కువగా రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడు పుడతాయి.

ఈ వెలుగు అన్ని వైపులా చిమ్మదు. వాకలపూడి లైట్‌హౌస్ వెలుగులాగా సన్నని ధారగా పోతుంది. ఆ ధార మన వైపు తిరిగి ఉంటేనే మనకు తెలుస్తుంది.

ఉపగ్రహాలు ఎందుకు?

గామా కిరణాలను వాతావరణం అడ్డుకుంటుంది. అందుకే పరికరం ఆకాశంలో ఉండాలి. మామూలు కటకాలు ఈ కిరణాలను ఒకచోట చేర్చలేవు. కాబట్టి డిటెక్టరు ముందు రంధ్రాల పలకను పెడతారు. కిటికీ చువ్వల నీడ గోడ మీద ఎటు పడిందో చూసి సూర్యుడు ఎటు ఉన్నాడో చెప్పినట్టే, పలక నీడను బట్టి విస్ఫోటనం దిశను లెక్కిస్తారు. 2004లో ఎగిరిన స్విఫ్ట్ ఈ పద్ధతిలో దిశ కనుక్కుని, వెంటనే తన దూరదర్శినులను అటు తిప్పుతుంది.

మన దేశం కృషి

ఇస్రో 1987లో స్రాస్-1 ఉపగ్రహంలో గామా విస్ఫోటనాల పరికరం అమర్చింది. ప్రయోగం విఫలమైంది. 1988లో స్రాస్-2 కూడా కక్ష్య చేరలేదు. 1992లో స్రాస్-సి అనుకున్నదానికన్నా తక్కువ ఎత్తులో నిలిచి, కొద్ది వారాలకే రాలిపోయింది. 1994 మే 4న స్రాస్-సి2 విజయవంతమైంది. నాలుగు ప్రయోగాలూ శ్రీహరికోట నుండి జరిగినవే.

2015 సెప్టెంబరు 28న అక్కడి నుండే ఆస్ట్రోశాట్ ఎగిరింది. దానిలోని సీజడ్‌టీఐ పరికరం పని మొదలుపెట్టిన అక్టోబరు 6నే ఒక విస్ఫోటనాన్ని పట్టింది. దాని పేరు జీఆర్‌బీ 151006ఎ. పేరులోని అంకెలు వరుసగా సంవత్సరం, నెల, తేదీ. 2023 నవంబరుకు ఈ పరికరం పట్టినవి 600 అయ్యాయి.

2017 ఆగస్టు 17న గురుత్వ తరంగాలు అందిన 1.7 సెకండ్లకు ఒక హ్రస్వ విస్ఫోటనం కనబడింది. న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొంటాయని, బంగారం వంటి బరువైన మూలకాలు అక్కడ తయారవుతాయని అప్పుడు రుజువు దొరికింది. ఆ సమయంలో ఆ మూల ఆస్ట్రోశాట్‌కు భూమి చాటున ఉండి కనబడలేదు. కనబడకపోవడం కూడా ఆధారమే! వెతకవలసిన ప్రాంతం దానివల్ల మరింత తగ్గింది.

మనకేమిటి?

“ఇవన్నీ గొప్పింటి పిల్లల చదువులు” అని మనలో చాలామంది ముందే వదిలేస్తారు. అది నిజం కాదు. ఆస్ట్రోశాట్ సమాచారం 2018 నుండి అందరికీ ఉచితంగా అందుబాటులోకి వచ్చింది. తెలుగు మీడియంలో చదివినా భౌతికశాస్త్రం, గణితం గట్టిగా పట్టుకుంటే చాలు. బి.ఎస్సీ. తరువాత జామ్ పరీక్ష రాసి ఐఐటీలలో ఎం.ఎస్సీ. చేరవచ్చు. ఇంగ్లీషు మెల్లగా వస్తుంది, భయపడకండి.

ఆలోచించండి

1. గామా దూరదర్శినిని కొండ మీద పెడితే ఎందుకు సరిపోదు?
2. జీఆర్‌బీ 221009ఎ ఏ రోజున కనబడింది?
3. మన వైపు తిరగని విస్ఫోటనాలను కూడా కలిపితే, నిజంగా జరిగేవి ఎక్కువా, తక్కువా?

జవాబులు పై పాఠంలోనే ఉన్నాయి. స్టడీ అవర్‌లో నలుగురూ కూర్చుని చర్చించుకోండి.