ఆయాగా పంపుటకు ముందు: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన విషయములు

పండుగకు పట్టణమునుండి వచ్చిన చుట్టము తిరుగు ప్రయాణమునకు ముందు ఒక మాట అడుగుట మన పల్లెలలో క్రొత్త కాదు. “మా యింట పసిబిడ్డ కలదు. మేమిరువురము ఉద్యోగములకు పోవుదుము. బిడ్డను ఆడించుటకు మీ యూరి పిల్లనొకతెను పంపుడు. కడుపునిండ అన్నము పెట్టి, చదువు చెప్పించి, పెండ్లి కూడ చేయుదుము.” పేద తల్లిదండ్రులకు ఈ మాట వరమువలె తోచును. ఇట్టి మాటలు కుదురునప్పుడు పెద్దమనుష్యులుగా కూర్చుండువారు తరచుగ పంచాయతీ సభ్యులే. కావున ఈ విషయమున శాసనమేమి చెప్పుచున్నదో వారు ముందుగా ఎరిగియుండవలెను.

వయస్సు

పదునాలుగేండ్లు నిండని పిల్లలను ఇంటిపనికి పెట్టుకొనుట 2006 అక్టోబరు 10 నుండి నిషేధింపబడినది. 2016లో సవరింపబడిన శాసనముననుసరించి ఆ వయస్సువారిని ఏ పనిలోను నియమింపరాదు. బిడ్డను ఎత్తుకొనుట పని కాదు, ఆట యని కొందరందురు. వేకువను లేచి పాలు కాచుట, గుడ్డలు ఉతుకుట, రాత్రి బిడ్డ ఏడ్చినప్పుడెల్ల మేల్కొనుట ఆట యెట్లగును? శాసనమును మీరిన యజమానికి ఆరు నెలలనుండి రెండేండ్లవరకు జైలుశిక్ష గాని, 20,000 నుండి 50,000 రూపాయలవరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. బడి వేళ ముగిసిన పిదప, సెలవులలోను పిల్లలు తమ కుటుంబమునకు తోడ్పడవచ్చును. ఆ కుటుంబమనగా తల్లిదండ్రులు, తోబుట్టువులు, తల్లిదండ్రుల తోబుట్టువులు మాత్రమే. దూరపు చుట్టరికము చెప్పి పిల్లను పంపుట చెల్లదు.

జీతము, అప్పు

వయస్సు వచ్చిన స్త్రీ ఆయాగా పోవుట గౌరవమైన వృత్తియే. అయితే అన్నము, పాతచీరలు జీతము కానేరవు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2007లోనే ఇంటిపనిని కనీస వేతనముల జాబితాలో చేర్చిరి. జీతము, పనివేళలు, వారపు సెలవు, ఇంటికి వచ్చు దినములు కాగితముపై వ్రాసికొనుట ఉభయులకు మేలు. పెండ్లి ఖర్చునకు ముందుగా అప్పిచ్చి, అది తీరువరకు ఇల్లు విడువరాదని కట్టడి చేయుట 1976 శాసనము ప్రకారము వెట్టిచాకిరియే. అట్టి అప్పు తీర్చవలసిన పని లేదు.

రక్షణ

2013 శాసనము ప్రకారము యజమాని ఇల్లు కూడ పనిస్థలమే. అక్కడ లైంగిక వేధింపునకు గురియైన పనిమనిషి మూడు నెలలలోగా జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చును. ఫిర్యాదులో ఆధారము కనిపించినచో కమిటీ దానిని ఏడు దినములలో పోలీసులకు పంపవలెను.

పంచాయతీ ఏమి చేయవలెను?

కొన్ని ఇండ్లలో “అమ్మాయి ఎక్కడనున్నది?” అని అడిగినచో తల్లి “హైదరాబాదులో” అని మాత్రమే చెప్పగలదు. వీధి తెలియదు, యజమాని పేరు తెలియదు, ఫోను చేసినచో ఎత్తువారు లేరు. ఆపద వచ్చినప్పుడు పోలీసులైనను ఎక్కడ వెదకుదురు? ఈ దుస్థితిని పంచాయతీ ఒక పుస్తకముతో నివారింపవచ్చును. పనికి పోవు స్త్రీ పేరు, జనన ధృవపత్రము ప్రకారము వయస్సు, యజమాని పేరు, చిరునామా, ఫోను సంఖ్య, ఒప్పుకొన్న జీతము, తీసికొనిపోయినవారి పేరు అందులో వ్రాసియుంచవలెను. ఆమె పోయిన పిదప నెలకొకసారి క్షేమమడుగుట మరువరాదు.

విద్యాహక్కు శాసనము (2009) ప్రకారము పదునాలుగేండ్లలోపు పిల్లల వివరములు ఉంచుట, వారు బడికి పోవునట్లు చూచుట స్థానిక సంస్థల విధి. బడి హాజరు పట్టీలో ఒక బాలిక పేరు వరుసగా గైరుహాజరైనచో ఆ యింటికి పోయి విచారింపవలెను. బాలిక పనిలోనున్నదని తెలిసినచో 1098కు ఫోను చేయవలెను. ఇంటిపనివారు ఇ-శ్రమ్‌లో ఉచితముగా నమోదు చేసికొనునట్లు తోడ్పడవలెను.

చివరగా ఒక్క మాట. సభ్యులలోను ఆయాలను పెట్టుకొన్నవారు కలరు. తన యింట పదేండ్ల పిల్లచేత బిడ్డను మోయించు సభ్యుడు ఊరికి చెప్పు నీతిని ఎవరు విందురు? సంస్కారము మన గడపనుండియే ప్రారంభము కావలెను.