మన్‌స్టెడ్ వుడ్ పూలపట్టె

తోట వేయదలచినవారు సామాన్యముగా మొదట మొక్కలను కొనితెత్తురు. పిమ్మట వానిని ఎచ్చట నాటవలెనా యని వెదకుదురు. గెర్‌ట్రూడ్ జెకిల్ అట్లు చేయలేదు. ఆమెకు తోట యనగా ముందు కాగితముమీద రూపొందవలసిన చిత్రము.

ఆమె 1843లో లండను నగరమున జన్మించెను. 1861లో చిత్రకళాశాలలో చేరి రంగుల పొందికను శ్రద్ధతో అభ్యసించెను. కాని ఆమెకు హ్రస్వదృష్టి. అది నానాటికి ముదిరెను. 1891లో జర్మనీలోని నేత్రవైద్యుడొకడు ఆమెను పరీక్షించి, ఉన్న చూపైనను నిలువవలెనన్నచో చిత్రలేఖనమును, సన్నని కుట్టుపనిని మానవలెనని చెప్పెను. ఏబదియేండ్లకు చేరువైన వయసున అది చిన్న దెబ్బ కాదు. అయితే సర్రే ప్రాంతమున మన్‌స్టెడ్ వుడ్ అను పదునైదెకరముల నేలలో ఆమె అంతకు మునుపే తోట వేయుచుండెను. కుంచెతో చేయవలసిన పని యిక మొక్కలతో సాగెను.

బాటవెంట గోడముందు సాగు పొడవైన మడిని ఆంగ్లేయులు బార్డరు అందురు. మనము పూలపట్టె యనవచ్చును. ఆమె వేసిన ప్రధానమైన పట్టె పొడవు 200 అడుగులు, వెడల్పు 14 అడుగులు. వెనుక 11 అడుగుల రాతిగోడ. అంత వెడల్పైన మడిలో వెనుకనున్న మొక్కలను, ముందువానిని త్రొక్కకుండ అందుకొనుట యెట్లు? గోడకును పట్టెకును నడుమ సన్నని కాలిబాట విడిచిరి. చూచువారికది కనబడదు, తోటమాలి దానివెంట పోవును. పూలను వర్ణించువారు పెక్కురు గాని, తోటమాలి కాలు పెట్టు చోటును తలచువారు అరుదు.

పడమటి కొసను బూడిదవన్నె ఆకుల నడుమ నీలము, తెలుపు, లేత పసుపు, లేత గులాబి పూలుండెను. పోను పోను పసుపు ముదిరి నారింజయై, నడిమికి వచ్చుసరికి ఎరుపు మండుచుండెను. మనమెరిగిన బంతి, మెట్టతామర, డాలియా ఆ వేడిరంగుల భాగములోనివే. అచ్చటినుండి ఎరుపు క్రమముగా తగ్గి, తూర్పు కొసను లేత రంగులలో, ఊదాలో కలసిపోయెను. ఎరుపును పసుపును చూచి నిండిన కన్ను చల్లని రంగులకై వెదకునని ఆమె యెరుగును.

ఒక్కొక్క జాతిని చదరముగా గాక, సన్నగా సాగిన గుంపుగా నాటించెను. చదరములో పూత అయిపోయినచో పెద్ద ఖాళీ కనబడును. సన్నని గుంపు వాడినచో ముందు వెనుకల మొక్కలు దానిని కప్పును. గసగసాల జాతి ఎర్రపూల మొక్కలు త్వరలో ఎండిపోవును గనుక వాని చెంత జిప్సొఫిలా నాటించెను. దాని తెల్లపూలు ఆ చోటు నింపును. అదియు గింజపట్టి వన్నె తగ్గగా, దానిమీదికి నాస్టర్షియం తీగను ప్రాకించెను. అప్పటికిని మిగిలిన ఖాళీలకు కుండీలలో లిల్లీలు, హైడ్రాంజియాలు సిద్ధముగా నుండెను. ఇంతయు ఆ పట్టె జూలై మొదలు అక్టోబరు వరకు నిండుగా నుండుటకే. ఏడాదియంతయు ఒకే పట్టె పూయవలెనన్న ఆశను ఆమె పెట్టుకొనలేదు. వసంతపు పూలకు వేరొక చోటు కేటాయించెను.

ఈ యనుభవమును 1908లో గ్రంథముగా ప్రకటించెను. 1932లో మరణించునాటికి ఆమె సుమారు 400 తోటలకు సంబంధించిన పని చేసియుండెను. వానిలో పెక్కు రూపుమాసినను, ఆమె గీచిన పటములు చాలవరకు నిలిచినవి. ఆ పటములను చూచియే, 1984 మొదలు హాంప్‌షైరులోని అప్టన్ గ్రే తోటను మరల నాటిరి. మన్‌స్టెడ్ వుడ్‌ను 2023లో నేషనల్ ట్రస్టు సంస్థ తీసికొనెను.