మోటారు సామర్థ్యము: భ్రామకము, వేగము

విద్యార్థులారా, భాషాపండితునకు యంత్రములతో పని యేమని మీకు తోచవచ్చును. సరిహద్దు కావల శిక్షణ పొంది వచ్చిన నాటినుండి నేను చూచుచున్న సంగతి యొకటి కలదు. మన పిల్లలకు ఇంట తెలుగు, అంగడిలో తమిళము, యంత్రముపై పలకలో ఆంగ్లము. ఈ మూటి నడుమ అర్థము జారిపోవుచున్నది. దానివలన ఒక కుటుంబమునకు కలిగిన నష్టమే ఈ పాఠమునకు మూలము.

మా విద్యార్థి యొకని తండ్రికి పిండిమర కలదు. దాని 5 అశ్వసామర్థ్యపు మోటారు పాడయ్యెను. క్రొత్తది కొనబోగా అంగడివాడు, ‘ఇదియు అయిదే, వెలయు తక్కువ’ అని వేరొకటి యిచ్చెను. పాతది నిమిషమునకు 1440 చుట్లు తిరుగునది, క్రొత్తది 2880. పాత పుల్లీనే దానికి తగిలించిరి. స్టార్టరులో అధికభారమును ఆపవలసిన రిలేను ఎవరో అంతకుముందే పనిచేయకుండ కట్టివైచిరి. మూడవనాడు మోటారు కాలిపోయెను. ‘అయ్యవారూ, ఈ లెక్క నేను పరీక్షలో చేసినదే’ అని ఆ బాలుడు నాతో చెప్పి తల వంచుకొనెను.

భ్రామకమనగా త్రిప్పునది. మీ యింటి తిరగలినే చూడుడు. పిడి నడిమి మేకునకు 15 సెంటీమీటర్ల దూరమున నున్నది. అమ్మ దానిని 20 న్యూటనుల బలముతో త్రిప్పుచున్నది. బలమును మీటర్లలోని దూరముచే గుణింపగా 20 × 0.15 = 3 న్యూటన్ మీటర్లు. ఇది బలభ్రామకము, ఆంగ్లమున టార్క్ అందురు. పిడిని మేకునకు దగ్గరగా నాటిన చేయి ఏల నొచ్చునో దీనివలన తెలియును.

ఒక చుట్టులో పిడి నడచు దూరము వృత్తపరిధి. కావున ఒక చుట్టునకు జరుగు పని భ్రామకమునకు 2π రెట్లు, అనగా 6.283 రెట్లు. సెకనునకు ఎన్ని చుట్లో దానిచే గుణించిన సామర్థ్యము వచ్చును. అమ్మ సెకనునకు ఒక చుట్టు త్రిప్పిన 6.283 × 3, సుమారు 19 వాట్లు. ఇంతే సూత్రము. పలకపై చుట్లు నిమిషమునకు వ్రాయుదురు గనుక 60చే భాగింప మరువరాదు. పరీక్షలలో సగము తప్పులు ఇక్కడనే.

జేమ్స్ వాట్ అశ్వసామర్థ్యమును నిర్ణయించినదియు ఇట్లే. గానుగెద్దువలె 12 అడుగుల వ్యాసార్ధమున గంటకు 144 సారులు తిరుగు గుఱ్ఱము 180 పౌనుల బలముతో లాగునని ఎంచి, గుణించి, నిమిషమునకు 33,000 అడుగు పౌనులుగా సరిచేసెను. అది మన 746 వాట్లు. జనులు దీనిని అశ్వశక్తి యందురు. శక్తి వేరు, సామర్థ్యము వేరు. ఎంత పని యన్నది శక్తి, ఎంత త్వరగా నన్నది సామర్థ్యము. భాషాపండితుడను గనుక ఈ మాట చెప్పక యుండలేను.

ఇక పిండిమర లెక్క. 5 × 746 = 3730 వాట్లు. పాత మోటారు సెకనునకు 24 చుట్లు తిరుగును. 24 × 6.283 = 150.8. దీనిచే 3730ని భాగింపగా 24.7 న్యూటన్ మీటర్లు. క్రొత్తది సెకనునకు 48 చుట్లు తిరుగును గనుక దాని భ్రామకము 12.4 మాత్రమే. సామర్థ్య మొకటియే, త్రిప్పుబలము సగము.

పాత పుల్లీ 6 అంగుళములు, మర పుల్లీ 12 అంగుళములు. రాయి నిమిషమునకు 720 చుట్లు తిరుగుచుండెను. క్రొత్త మోటారుతో అది 1440 చుట్లు తిరుగ నారంభించెను. రాయి కోరు భ్రామకము ఇంచుమించు మారలేదు. మోటారునుండి మునుపటి 24.7నే లాగెను. రెట్టింపు వేగమున అంత భ్రామకమనగా 10 అశ్వసామర్థ్యము! మోటారు ‘నావలన కాద’ని చెప్పదు, విద్యుత్తును అధికముగా లాగుకొనును. తీగచుట్టలోని వేడి ఆ ప్రవాహపు వర్గమునుబట్టి పెరుగును. రెట్టింపు ప్రవాహమునకు నాలుగింతలు వేడి. వాసన వచ్చునప్పటికే ఆలస్యమైపోవును.

మోటారునకు 3 అంగుళముల పుల్లీ తగిలించియున్న రాయి మరల 720 చుట్లే తిరిగెడిది. పుల్లీల నిష్పత్తి నాలుగు గనుక రాతివద్ద 12.4 × 4, అనగా ఇంచుమించు 49.5, పాత యమరికలో 24.7 × 2, అదియు ఇంచుమించు అంతే. కొనవలసినది చిన్న పుల్లీ యొక్కటి.

తల్లిదండ్రులకొక విన్నపము. మోటారు కొనునపుడు అశ్వసామర్థ్యముతోపాటు చుట్లసంఖ్యను మీ పిల్లలచే చదివించుడు. విద్యార్థులారా, మీ బావివద్ద మోటారు ఆగియున్నపుడు మాత్రమే పలకను చూచి, దాని భ్రామకమును గట్టి వచ్చే సోమవారము నాకు చూపుడు.